బరోలో పలచగా, వగరుగా ఉంటే మోసపోయినట్టేనా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. మీ బావగారు ఇటలీ నుంచి వస్తూ, లా మోర్రా అనే ఊళ్ళో ఒక కుటుంబం నడుపుకునే చిన్న ద్రాక్షతోటలో 2021 పంట బరోలో అనే ఎర్ర వైన్ రెండు సీసాలు కొన్నారు, ఒక్కోటి 45 యూరోలు. మే నెలలో ఇంట్లో అందరూ కలిసినప్పుడు ఒకటి తెరిచారు. గ్లాసులో పోస్తే నీళ్ళు కలిపినట్టు పలచటి రంగు, అంచున కాస్త ఇటుక ఛాయ. తాగితే నోరు పిడచకట్టుకుపోయింది. "పేరున్న కంపెనీది కొనక ఎవరో రైతు చేతిలో పడ్డాడు" అని బావగారి మీద జోకులు మొదలయ్యాయి. మిగిలిన సీసాని పదేళ్ళు దాస్తే బాగుపడుతుందా, లేక ఎవరికైనా ఇచ్చేయడం మంచిదా అన్నది మీ ప్రశ్న.

ముందు బావగారికి సారీ చెప్పండి. ఆయన మోసపోలేదు. రెండే సీసాలు తేవడం కూడా లెక్క తెలిసిన పనే. విమానంలో వచ్చే మనిషి సుంకం లేకుండా తేగలిగేది 2 లీటర్లు. రెండు సీసాలంటే లీటరున్నర, మూడోది పెడితే దాటిపోతుంది. ఇక్కడ యూరప్ వైన్ మీద చాలా ఏళ్ళుగా 150 శాతం కస్టమ్స్ సుంకం ఉంటూ వచ్చింది, దాని మీద రాష్ట్రం పన్నులు. ఆ సీసాని ఇక్కడి షాపులో కొనాలంటే ఆయన పెట్టిన డబ్బు ఏ మూలకీ సరిపోదు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, ఎందుకు ఇంత ధీమాగా మాట్లాడుతున్నానో తెలియడానికి. ఇటలీలోని టురిన్‌లో చదువుకునేటప్పుడు ఖర్చుల కోసం రెండేళ్ళు అక్టోబరులో, ఈ బరోలో పుట్టే లాంగె కొండల్లో ద్రాక్ష కోతకి వెళ్ళాను. తర్వాత అక్కడే ఒక రెస్టారెంటులో ఆరేళ్ళు వైన్ వడ్డించాను. ఇప్పుడు హైదరాబాద్‌లో హోటల్ సిబ్బందికి అదే నేర్పిస్తున్నాను. మీరు చెప్పిన రెండు ఫిర్యాదులూ, పలచన, వగరు, నేను మొదటిసారి బరోలో తాగినప్పుడు చేసినవే.

రంగు సంగతి ముందు చూద్దాం. ఎర్ర వైన్‌కి రంగు తొక్క నుంచి వస్తుంది, రసం నుంచి కాదు. బరోలో అనేది ఊరి పేరు. ద్రాక్ష పేరు నెబ్బియోలో. చట్టం ప్రకారం అందులో నూటికి నూరు శాతం నెబ్బియోలోనే ఉండాలి, ఇంకో ద్రాక్ష చుక్క కూడా కలపకూడదు. ఈ నెబ్బియోలో తొక్కలో రంగు తక్కువ. ఉన్న రంగులోనూ గాలి తగిలితే తొందరగా మారిపోయే రకాలే ఎక్కువ. అందుకే నాలుగైదేళ్ళకే అంచు ఇటుక రంగులోకి తిరుగుతుంది. గ్లాసు కింద పేపరు పెడితే అక్షరాలు చదవగలిగేంత పలచగా ఉండటం దాని స్వభావం. ఎవరైనా బరోలో అని చెప్పి నేరేడు రసంలా నల్లగా, చిక్కగా పోస్తే అనుమానపడాల్సింది అప్పుడు.

ఇక వగరు. ఈ విషయంలో మనం అదృష్టవంతులం. వైన్ పాఠాల్లో ఇంగ్లీషులో దీన్ని వివరించడానికి అరగంట పడుతుంది. మన వాళ్ళకి ఉగాది పచ్చడి తిన్నప్పటి నుంచీ తెలుసు, ఆరు రుచుల్లో ఒకటి. పచ్చి అరటికాయ కొరికితే, వక్క నమిలితే, నేరేడుపండు తిన్నాక నాలుకని అంగిటికి రాస్తే ఏముంటుందో అదే. నాలుక మీద తడి ఉన్నా ఎండినట్టు అనిపిస్తుంది. లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే ప్రోటీన్లు ఉంటాయి. టానిన్లు అనే వగరు పదార్థాలు వాటిని పట్టుకుని ముద్ద కట్టిస్తాయి, జారుడుతనం పోతుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు బట్టని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచడం చూసే ఉంటారు. కరక్కాయలో ఉన్నదీ టానినే. అది బట్టనీ పట్టుకుంటుంది, రంగునీ పట్టుకుంటుంది, పాలనీ పట్టుకుంటుంది. వైన్‌లో టానిన్ కూడా అంతే, దానికి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. మాంసమో, వెన్నో, చీజో ఇస్తే దాన్ని పట్టుకుంటుంది. ఏమీ ఇవ్వకపోతే మీ నాలుకని పట్టుకుంటుంది.

నెబ్బియోలోలో తమాషా ఏమిటంటే రంగు తక్కువ, టానిన్ మాత్రం విపరీతం. చూపుకి పలచన కాబట్టి రుచి కూడా పలచగా ఉంటుందనుకుని పెద్ద గుక్క వేస్తాం. అక్కడ దొరికిపోతాం. పైగా మీ సీసా 2021ది. ఆ ఏడాది పంట గట్టిది, బలమైన టానిన్లతో, చాలాకాలం నిలవడానికే పుట్టినట్టుంటుంది. లా మోర్రా వైపు మట్టిలో పండిన బరోలో మెత్తనిదని పేరు. మీరు దాన్నే తట్టుకోలేకపోతే, తూర్పున సెర్రలుంగా కొండల మీదిది తాగి ఉంటే నా దగ్గరికి ప్రశ్న కాదు, తిట్లు వచ్చేవి.

దాని మీద మీరు చేసిన మూడు పనులు కూడా తోడయ్యాయి. మే నెలలో గది వేడి మీద పోశారు. తెరిచిన వెంటనే తాగారు. పక్కన కోడి వేపుడు ఉందని మీరే రాశారు, కారం దట్టించి. ఎర్ర వైన్‌ని "రూమ్ టెంపరేచర్"లో తాగాలని ఎక్కడో చదివి అందరూ చేసే పొరపాటు మొదటిది. ఆ మాట పుట్టింది హీటర్లు లేని యూరప్ రాతి ఇళ్ళలో, అక్కడ గది అంటే 17, 18 డిగ్రీలు. మన 34 డిగ్రీల హాల్లో 14 శాతం పైన ఆల్కహాలున్న వైన్ పోస్తే ముక్కుకి స్పిరిట్ వాసన తప్ప ఇంకేమీ అందదు. ఇక కారం, టానిన్ రెండూ నోటిని గరుకు చేసేవే. మిరపకాయ మంటని ఆల్కహాలు ఇంకా ఎగదోస్తుంది. ఆ విందులో ఏ గొప్ప బరోలో పెట్టినా పరువు పోయేది.

ఇప్పుడు ఆ రెండో సీసాని చేతిలోకి తీసుకోండి, అది ఎవరు చేశారో చూద్దాం. మెడ మీద కరెన్సీ నోటు ముక్కలాంటి సన్నటి కాగితం పట్టీ అంటించి ఉంటుంది. దాన్ని ఫాషెత్తా అంటారు. ప్రతి సీసాకీ వేరే నంబరు ఉంటుంది. దాని మీద డీఓసీజీ అన్న అక్షరాలు కనిపిస్తాయి, ఇటలీలో వైన్‌కి ఇచ్చే అన్నిటికన్నా పై తరగతి అది. బరోలోకి ఆ హోదా 1980లో వచ్చింది. ఎక్కడి ద్రాక్షని పడితే అక్కడిది తెచ్చి బరోలో అనడానికి వీల్లేదు. ఆల్బా పట్నానికి దగ్గర్లో ఉన్న 11 ఊళ్ళ హద్దుల్లో పండాలి. ఆత్రేయపురం పూతరేకుల్లాగే, పేరు ఊరిది.

తర్వాత వెనక లేబుల్. "అజియెండా అగ్రికోలా" అని ఉందా? అంటే వ్యవసాయ క్షేత్రం, ప్రధానంగా తమ తోటలో పండిన ద్రాక్షతోనే వైన్ చేసేవాళ్ళు. "ఇంబొత్తిల్యాతో అల్లొరీజినె" అని ఉంటే పండించిన చోటే సీసాలో పోశారని. సీసా మూతి తొడుగు మీద నెత్తిన ద్రాక్ష బుట్ట మోస్తున్న మనిషి బొమ్మ ఉంటే, అది స్వతంత్ర ద్రాక్షరైతుల సంఘం గుర్తు. ఆ సంఘం 2008లో మొదలైంది. తోట పని, వైన్ చెయ్యడం, సీసాలో పోసి సొంత పేరుతో అమ్మడం, ఇవన్నీ తామే చేసుకునేవాళ్ళకే అందులో చోటు. బొమ్మ లేకపోతే దొంగ సరుకని కాదు, చాలామంది మంచి రైతులు అందులో చేరలేదు. బరోలో అన్న మాట పక్కన "బ్రునాతె" లాంటి ఇంకో పేరు ఉంటే అది పొలం పేరు. 2010 పంట నుంచి అలాంటి పేర్లని గీతలు గీసి అధికారికంగా ఖాయం చేశారు. మన ఊళ్ళలో "చెరువు కింద చేను", "గుడి మాన్యం" అన్నట్టే, అక్కడి రైతుకి ప్రతి వాలుకీ ఒక పేరుంది. ఎండ బాగా పడే దక్షిణపు వాలుని వాళ్ళ మాండలికంలో "సొరీ" అంటారు, కొండ నెత్తిని "బ్రిక్కో" అంటారు. ఉత్తరపు వాలు చల్లగా ఉంటుంది, అక్కడ నెబ్బియోలో పండదు. ఆ నేలలో హేజల్‌నట్ చెట్లు వేస్తారు. మీ పిల్లలు బ్రెడ్డు మీద రాసుకునే నుటెల్లా పుట్టింది ఈ ఆల్బా పట్నంలోనే.

నుటెల్లా మాట ఊరికే తేలేదు, మీ సీసాకి దానితో సంబంధం ఉంది. ఈ కొండలు ఇప్పుడు టూరిస్టులతో కళకళలాడుతున్నాయి, 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేరాయి. కానీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇక్కడ దారుణమైన పేదరికం. రైతు ద్రాక్ష కోసి బండి మీద ఆల్బా చౌకుకి తెచ్చేవాడు. దళారులు చుట్టూ తిరిగేవాళ్ళు, తొందరపడేవాళ్ళు కాదు. సాయంత్రానికి పండు మెత్తబడుతుందని వాళ్ళకి తెలుసు. చివరికి వాళ్ళు చెప్పిన రేటుకే ఇచ్చి ఇంటికి పోవాలి. టమాటా బుట్టలతో మార్కెట్ యార్డుకి వెళ్ళిన మన రైతుకి ఈ కథ కొత్తగా చెప్పక్కర్లేదు. కుర్రాళ్ళు పొలాలు వదిలి టురిన్‌లో ఫియట్ కార్ల ఫ్యాక్టరీకి పోయారు. 1946లో ఆల్బాలో మొదలైన ఫెర్రెరో చాక్లెట్ కంపెనీ, నుటెల్లా చేసేది అదే, మాత్రం పల్లెలకే బస్సులు పంపింది. షిఫ్టు అయ్యాక అదే బస్సులో ఇంటికి దింపేది. జీతం ఫ్యాక్టరీలో, పొద్దున్నో సాయంత్రమో పని సొంత తోటలో. ఆ బస్సులు లేకపోతే చాలా కుటుంబాలు భూమి అమ్ముకుని పోయేవి. ఇవాళ "కుటుంబం నడిపే చిన్న తోట" అని బ్రోషర్లలో అందంగా కనిపించేదాని వెనక ఫ్యాక్టరీ యూనిఫాం ఉన్న ఇళ్ళు తక్కువేం కాదు.

ద్రాక్ష అమ్ముకునే రైతు సీసా అమ్ముకునే రైతు కావడం మెల్లగా జరిగింది. దానికి ఊపునిచ్చిన వాటిలో ఒకటి ఘోరం. 1986లో ఇటలీలో మిథనాల్ కలిపిన చవక వైన్ తాగి 23 మంది చనిపోయారు, ఇంకొందరికి చూపు పోయింది. ఆ సరుకు కదిలింది ఈ కొండలకి కూతవేటు దూరంలోనే. కల్తీ సారా చావుల వార్తలు విని పెరిగిన మనకి మిథనాల్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఆ దెబ్బకి ఇటలీ వైన్‌ని బయటి దేశాలు అనుమానంగా చూశాయి. లీటర్ల లెక్కన అమ్మే కాలం పోయి, సీసా మీద పేరు, ఊరు, పొలం చెప్పుకోగలిగినవాడికే విలువ వచ్చింది. కాబట్టి మీ ఇంట్లో "పేరులేని రైతు" అన్న జోకు అక్కడ చెల్లదు. సీసా మీద తన ఇంటిపేరు వేసుకున్న రైతు తప్పు చేస్తే దాక్కోవడానికి చోటుండదు.

ఆ రోజుల్లోనే తండ్రులకీ కొడుకులకీ గొడవలు మొదలయ్యాయి. పాత పద్ధతిలో రసాన్ని తొక్కలతో నెల, నెలన్నర నానబెట్టి, పెద్ద పెద్ద పాత పీపాల్లో ఏళ్ళు ఉంచేవాళ్ళు. వగరు తగ్గాలంటే పదిహేనేళ్ళు ఓపిక పట్టాలి. ఎవరు కొంటారు? కుర్రాళ్ళు ఫ్రాన్సులో వైన్‌కి పేరున్న బర్గండీ వెళ్ళి చూసొచ్చారు. నానబెట్టేది వారం పది రోజులు చేసి, 225 లీటర్ల చిన్న కొత్త పీపాలు తెచ్చారు. వాటిని బరీక్ అంటారు. మీ సీసా పుట్టిన లా మోర్రాలోనే 1983లో ఎలియో అల్తారె అనే యువకుడు మోటారు రంపం తెచ్చి తండ్రి పీపాలని కోసి పారేశాడు. తండ్రి అతనికి ఆస్తి దక్కకుండా చేశాడు. అవతలి పక్షాన బరోలో ఊళ్ళో బర్తోలో మస్కరెల్లో అనే ఆయన ఉండేవాడు. ఐదు హెక్టార్ల తోట, నాలుగు పొలాల ద్రాక్ష కలిపి ఒకే వైన్. లేబుళ్ళ మీద సొంతంగా బొమ్మలు వేసేవాడు. ఒక దాని మీద "నో బరీక్, నో బెర్లుస్కోనీ" అని రాశాడు. దేశంలో పేరుమోసిన రాజకీయ నాయకుణ్ణి, పీపాని ఒకే తిట్టులో కలిపేశాడు. ఆయన 2005లో పోయారు, ఇప్పుడు కూతురు మరియా తెరెజా అదే పద్ధతి నడుపుతోంది. ఆ తగాదా ఇప్పుడు చల్లారింది. చాలామంది మధ్యేమార్గంలో ఉన్నారు. నా ఓటు మాత్రం పెద్ద పీపాకే. చిన్న కొత్త పీపాలో పెట్టిన నెబ్బియోలోలో వెనిలా వాసన ఎక్కితే నాకు మల్లెపూల మీద సెంటు కొట్టినట్టుంటుంది.

తోట పని గురించి నాలుగు మాటలు రాయకుండా ఉండలేను. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ పందిళ్ళు చూసి పెరిగినవాణ్ణి. మన తీగకి నిద్ర లేదు. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాం, ఏప్రిల్లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి. గుత్తులు పందిరి నీడలో వేలాడతాయి, చేతులెత్తి కోస్తాం. లాంగెలో తీగ చలికాలమంతా ఎండుపుల్లలా పడుకుంటుంది. అప్పుడే ఒక్కసారి కత్తిరింపు. తీగల్ని నడుమెత్తు తీగ కంచెకి కట్టి, నేలకి దగ్గరగా, వరసలుగా పెంచుతారు, ఎండ నేరుగా పడాలని. కాబట్టి వంగి కొయ్యాలి, అదీ వాలు మీద నిలబడి. రెండో రోజుకి నడుము నాది కాదనిపించింది. నెబ్బియోలో అన్నిటికన్నా ముందు చిగురిస్తుంది, అన్నిటికన్నా ఆలస్యంగా పండుతుంది. అంటే వసంతంలో మంచుకీ, వేసవిలో వడగళ్ళకీ, చివర్లో వానకీ అన్నిటికీ చిక్కుతుంది. అక్టోబరు పొద్దున్నే లోయంతా పొగమంచు. ఇటాలియన్‌లో దాన్ని నెబ్బియా అంటారు, ద్రాక్షకి పేరు అందులోంచే వచ్చిందని చెప్తారు. పది గంటలకి మంచు విడిపోయేసరికి నా చేతులు రసంతో జిగురు జిగురుగా, కందిరీగలు చుట్టూ. పక్క వరసలో మాసిడోనియా నుంచి వచ్చిన కూలీలు, నాకంటే రెండింతలు వేగం.

మందులు కొట్టే సంగతి వింటే మన రైతు నవ్వుతాడు. బూజు తెగులుకి వాళ్ళు కొట్టేదీ మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమమే. సేంద్రియ సాగు చేసేవాళ్ళకీ రాగి తప్ప గతి లేదు. యూరప్ చట్టం ఏడేళ్ళకి కలిపి హెక్టారుకి 28 కిలోల రాగి దాటకూడదంటుంది. వానలు ఎక్కువైన ఏడాది ఆ లెక్క చూసుకుంటూ కూర్చోవడం రైతుకి పెద్ద టెన్షన్.

డబ్బు లెక్క కూడా చూడండి. హెక్టారుకి, అంటే దాదాపు రెండున్నర ఎకరాలకి, 8 టన్నులకి మించి కోయకూడదని నియమం. అది వైన్‌గా మారితే 7 వేల పైచిలుకు సీసాలు. ఆగస్టులో సగం పచ్చిగా ఉన్న గుత్తుల్ని కోసి నేల మీద పడేస్తారు, మిగిలినవి బాగా పండాలని. నేను చూసినప్పుడు ప్రాణం ఉసూరుమంది. కోత ఏడాది నవంబరు 1 నుంచి లెక్కేసి 38 నెలలు ఆగాలి, అందులో కనీసం 18 నెలలు చెక్క పీపాలో. అంటే 2021 అక్టోబరులో కోసిన పంటని 2025 జనవరి దాకా అమ్మకూడదు. ఇంకా ఎక్కువ ఆగితే, 62 నెలలకి, రిజెర్వా అని వేసుకోవచ్చు. అన్నేళ్ళు పెట్టుబడి పీపాల్లో పడుకుని ఉంటే ఇల్లు గడిచేది ఎలా? అందుకే ఆ ఇళ్ళలో దోల్చెత్తో, బార్బెరా అనే రెండు రోజువారీ వైన్లు కూడా చేస్తారు, అవి తొందరగా అమ్ముడుపోతాయి. కోత రోజుల్లో మాకు మధ్యాహ్నం భోజనంలో ఆ ఇంటి పెద్దావిడ పోసేది దోల్చెత్తోనే. బరోలో ఆవిడ పండక్కి తప్ప ముట్టదు. ఈ ప్రాంతంలో భూమి హెక్టారు పది లక్షల యూరోలు దాటింది. కోకాపేట వేలం పాటలు విన్న మన చెవులకి అదేం పెద్ద లెక్క కాదు గానీ, ద్రాక్ష అమ్మి ఆ ధర రాబట్టడం ఈ తరంలో కాదు. కొత్తవాళ్ళు కొనలేరు, ఉన్నవాళ్ళ పిల్లలకి అమ్మేయాలన్న ఆశ. ఆ మధ్యలో నిలబడినవాళ్ళే మీ సీసా చేసిన కుటుంబం లాంటివాళ్ళు.

అలాగని చిన్నదైతే మంచిదని నేననను. చిన్న తోటల్లో దరిద్రమైన వైన్ కూడా తాగాను. పాత పీపా సరిగ్గా కడగక గొడ్లచావిడి కంపు కొట్టే వైన్ పోసి, "ఇది మా నేల వాసన" అని చెప్పిన ఇల్లు ఒకటి గుర్తుంది. మర్యాదకి తలూపాను. ఇంకోవైపు పక్కనే ఉన్న బార్బరెస్కో అనే ఊళ్ళో 1958లో చర్చి ఫాదర్ 19 కుటుంబాలని కూడగట్టి సహకార సంఘం పెట్టాడు. ఇప్పుడు యాభై కుటుంబాల దాకా ఉన్నాయి. పాల సొసైటీలా అందరి ద్రాక్షా ఒకచోటికి వస్తుంది. అక్కడి వైన్ నాణ్యతకి చాలా చిన్న తోటలు సరితూగవు.

సరే, మీ రెండో సీసా. పదేళ్ళు దాచకండి. ఇది వైన్ గురించి కాదు, మీ ఇంటి గురించి చెప్తున్నాను. ఆ 2021 చల్లటి నేలమాళిగలో 12, 13 డిగ్రీల దగ్గర కదలకుండా ఉంటే 2040 దాకా హాయిగా బతుకుతుంది. అపార్ట్‌మెంటు అలమరాలో రెండు వేసవులు కూడా కష్టం. నా అనుభవమే చెప్తా. ఇటలీ నుంచి వచ్చేస్తూ తెచ్చుకున్న మంచి బరోలో ఒకటి మా అమ్మగారింట్లో అటక మీద పెట్టాను, చీకటిగా ఉంటుంది కదా అని. మూడో ఏడు దించితే బిరడా సగం పైకి తన్నుకొచ్చి, లేబుల్ మీద జిగురు కారి ఉంది. తెరిస్తే ఉడకబెట్టిన ఎండుద్రాక్ష వాసన. చీకటి ఉంటే చాలనుకున్నాను, అటక మీద పైకప్పు వేడి సంగతి మర్చిపోయాను. తప్పు నాదే, ఇప్పటికీ బాధే.

వైన్ కోసం చేసిన ప్రత్యేక ఫ్రిజ్ మీ ఇంట్లో ఉంటే దాచండి, లేకపోతే ఈ చలికాలంలోనే తాగేయండి. అప్పటిదాకా మామూలు ఫ్రిజ్‌లో కూరగాయల అర మీద పడుకోబెట్టండి. బిరడా తడిగా ఉండాలి కాబట్టి నిలబెట్టొద్దు. కొన్ని నెలలకి ఏమీ కాదు. ఫ్రిజ్ నెత్తిన మాత్రం పెట్టకండి, మన ఇళ్ళలో వైన్ సీసాలు ఎక్కువగా చచ్చేది అక్కడే.

డిసెంబరులో ఒక ఆదివారం చూసుకోండి. శనివారం పొద్దున ఫ్రిజ్‌లోనే నిలబెట్టండి, మడ్డి ఉంటే అడుక్కి దిగుతుంది. ఆదివారం రాత్రి భోజనానికి మూడు నాలుగు గంటల ముందు తెరవండి. బిరడా తీసి వదిలేస్తే సరిపోదు, సీసా మెడలో ఆ కాస్త గాలి ఏమూలకీ చాలదు. వెడల్పు గాజు జగ్గులోకి నెమ్మదిగా వంపండి, డికాంటరే కావాలని లేదు. అడుగున మడ్డి కనిపించగానే ఆపండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే మాత్రం అది బిరడా చెడగొట్టిన సీసా, అందులో రైతు తప్పు లేదు, ఎంతసేపు ఉంచినా బాగుపడదు. మామూలుగా ఉంటే ఒక చుక్క రుచి చూసి గుర్తుపెట్టుకోండి, గంటకోసారి మళ్ళీ చూడండి. మారడం మీకే తెలుస్తుంది. మొదట వగరు తప్ప ఏమీ ఇవ్వనిది మెల్లగా ఎండిన గులాబీ రేకుల వాసన ఇస్తుంది, తర్వాత చెర్రీపండు, ఆ వెనక కొత్తగా వేసిన రోడ్డు తారు. నవ్వకండి, గులాబీ, తారు అనే రెండు మాటలూ నెబ్బియోలో గురించి అక్కడి వాళ్ళంతా చెప్పేవే. గది మరీ వెచ్చగా ఉంటే భోజనానికి ముందు జగ్గుని ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. పట్టుకుంటే చేతికి చల్లగా తగలాలి, మంచుముక్కలా కాదు. గ్లాసు మూడో వంతు మాత్రమే పొయ్యండి.

వంటకి వస్తే, అక్కడ దీని పక్కన పెట్టేది ఇదే వైన్‌లో గంటలకొద్దీ ఉడికించిన మాంసం, గుడ్డుసొనతో కలిపిన సన్నటి పాస్తా మీద వెన్న. మీరు పొట్టేలు మాంసం తెచ్చి, ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, మిరియాలు, రెండు లవంగాలు వేసి సన్నసెగ మీద ముక్క విడిపోయేదాకా ఉడికించండి, చివర్లో నెయ్యి. ఎండుమిర్చి డబ్బా ఆ పూటకి తాళం వెయ్యండి. పులుపుకి భయపడక్కర్లేదు, ఈ వైన్‌లోనూ పులుపు బాగానే ఉంది, రెండూ సర్దుకుంటాయి. శాకాహారులుంటే పుట్టగొడుగుల పులావు బాగా నప్పుతుంది. ఇంకో మాట, ఎవరూ నమ్మరు గానీ ముద్దపప్పు, నెయ్యి, వేడి అన్నంతో నేను తాగి చూశాను. పప్పులో ప్రోటీను, పైన నెయ్యి, టానిన్‌కి కావలసినవి రెండూ దొరికాయి, అద్భుతంగా కుదిరింది. ఆవకాయ మాత్రం దరిదాపుల్లోకి రానివ్వకండి.

బావగారు మళ్ళీ అటు వెళ్తే ఈసారి రెండు బరోలోలు వద్దనండి. ఒకటి బరోలో, ఒకటి అదే ఇంటివాళ్ళ "లాంగె నెబ్బియోలో" తెమ్మనండి. అదే ద్రాక్ష, చాలా ఇళ్ళలో లేత తీగలది. 38 నెలల నియమం దానికి లేదు, ధర బాగా తక్కువ, వగరు కూడా మెత్తన. వచ్చిన వారమే తెరిచినా మీతో పోట్లాడదు.

ఆ ఆదివారం సీసా అంతా ఒక్క రాత్రిలో పూర్తి చెయ్యకండి. ఒక గ్లాసంత మిగిల్చి, సీసాలోకి తిరిగి పోసి బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. సోమవారం సాయంత్రం ముప్పావు గంట ముందు బయట పెట్టి బావగారిని పిలిచి ఆ గ్లాసు ఆయనకివ్వండి. 2021 లాంటి పడుచు బరోలో చాలాసార్లు రెండో రోజే నోరు విప్పుతుంది.